ఇథియోపియాలో రెండేళ్లు స్వచ్ఛంద ఉపాధ్యాయినిగా: బడి లేని గంటలు, సెలవులు ఎలా గడుస్తాయి?

లెక్కలటీచరు:

అందరికీ నమస్కారం.

నేను పదకొండేళ్లుగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. వచ్చే సెప్టెంబరు నుంచి రెండు విద్యా సంవత్సరాల పాటు దక్షిణ ఇథియోపియాలో, హవాసా నగరానికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక ప్రభుత్వ సెకండరీ పాఠశాలలో స్వచ్ఛంద ఉపాధ్యాయినిగా పనిచేయడానికి ఎంపికయ్యాను. ఉండటానికి ఇల్లు పాఠశాల వారే చూపిస్తారని, అక్కడి ఉపాధ్యాయుల జీతానికి దరిదాపుల్లో ఉండే భత్యం నెలనెలా ఆ దేశపు కరెన్సీ అయిన బిర్లలో ఇస్తారని, రెండేళ్లకూ కలిపి రానుపోను విమాన టికెట్టు ఒక్కటేనని, మధ్యలో ఇంటికి రావాలనుకుంటే ఆ ఖర్చు నాదేనని పంపిస్తున్న సంస్థ ముందే చెప్పింది. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు.

పాఠాల గురించి కూడా బెంగ లేదు. తొమ్మిదో తరగతి నుంచి బోధన ఇంగ్లీషులోనే కాబట్టి భాష అడ్డం రాదన్నారు. తరగతికి అరవై, డెబ్బై మంది ఉంటారన్నారు. నల్లబల్ల, సుద్దముక్క ఉంటే అంతమందినీ నెట్టుకు రాగలననే ధైర్యం నాకు ఉంది. అంతుపట్టనిదల్లా మిగతా సమయమే. పాఠశాల రెండు పూటలుగా నడుస్తుందట, నాకు ఉదయం పూట ఇస్తారట. అంటే మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంటి తాళం తీసుకుని లోపలికి వెళ్తే, మర్నాడు ఉదయం దాకా నేను చేయవలసిన పని అంటూ ఉండదు. ఇన్నేళ్లుగా బడికీ ఇంటికీ మధ్య పరుగులు తీయడమే తప్ప ఒక మధ్యాహ్నం ఖాళీగా కూర్చున్న జ్ఞాపకం నాకు లేదు. ఆ ఖాళీని తలుచుకుంటే సంతోషం కన్నా భయమే ఎక్కువ కలుగుతోంది.

ఇక సెలవుల సంగతి. వాళ్లు పంపిన విద్యా సంవత్సరపు పట్టికలో పదమూడు నెలలు ఉన్నాయి, సంవత్సరం సంఖ్య మన లెక్కకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంది, ఏ సెలవు ఎప్పుడు వస్తుందో దాన్ని చూసి నేను తేల్చుకోలేకపోయాను. జూలై, ఆగస్టు నెలలు మాత్రం పూర్తిగా సెలవు అని తెలిసింది. ఆ రెండు నెలలూ ఇంటికి వచ్చేయమని మావారు అంటున్నారు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది, దానికీ అదే కోరిక. నాకేమో అంత దూరం వెళ్లి ఆ దేశం చూడకుండా తిరిగి రావడం ఇష్టం లేదు. నేను శాకాహారిని, వయసు నలభై ఒకటి, ఒంటరిగా ప్రయాణాలు చేసిన అలవాటు పెద్దగా లేదు. అక్కడ పనిచేసి వచ్చినవారు ఎవరైనా ఉంటే, వారం మధ్యలో ఒక మామూలు రోజు ఎలా ఉంటుందో, పండుగ సెలవుల్లోనూ పెద్ద సెలవుల్లోనూ మీరు ఏం చేశారో చెప్పగలరా?

మొదటిగంట:

లెక్కలటీచరు గారికి నమస్కారం. నేను 2013 సెప్టెంబరు నుంచి 2015 జూలై దాకా ఆ దేశపు ఉత్తర భాగంలో, గోందర్‌కు దక్షిణంగా ఉన్న ఒక చిన్న పట్టణంలో భౌతికశాస్త్రం చెప్పాను. అప్పుడు ఆ ప్రాంతం ప్రశాంతంగా ఉండేది. తరవాత 2020 నవంబరు నుంచి రెండేళ్ల పాటు ఉత్తరాననే ఉన్న టిగ్రాయ్ ప్రాంతంలో యుద్ధం నడిచింది, 2023 నుంచి నేనున్న అమ్హారా ప్రాంతంలోనే ఘర్షణలు మొదలయ్యాయి. కాబట్టి ప్రయాణాల విషయంలో నా మాట పాతబడి ఉండవచ్చు. రోజువారీ బతుకు విషయంలో మాత్రం పెద్దగా పాతబడి ఉండదనే అనుకుంటున్నాను.

ముందుగా గడియారం గురించి చెప్పాలి, ఎందుకంటే అది అర్థం కాకపోతే అక్కడ మరేదీ అర్థం కాదు. వాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్లకు ఒంటిగంట, మన ఎనిమిది వాళ్లకు రెండు. నేను చేరిన రెండో వారంలో ప్రధానోపాధ్యాయుడు సిబ్బంది సమావేశం తొమ్మిదింటికి అన్నారు. నేను ఉదయం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వెళ్లి, తాళం వేసిన గది ముందు ఒక రాతి మెట్టు మీద కూర్చున్నాను. పదింటికి ఊడ్చే ఆమె వచ్చి నన్ను చూసి వెళ్లింది, పదకొండింటికి మళ్లీ వచ్చి ఒక కప్పు టీ ఇచ్చి వెళ్లింది. సమావేశం వాళ్ల తొమ్మిదింటికి, అంటే మధ్యాహ్నం మూడింటికి, సక్రమంగానే మొదలైంది. అప్పటి నుంచి ఎవరు ఏ సమయం చెప్పినా "హబెషా గంటలా, ఫెరెంజ్ గంటలా", అంటే మీ గంటలా, విదేశీయుల గంటలా అని అడగడం నేర్చుకున్నాను. మీరూ అడగండి, ఎవరూ తప్పు పట్టరు. బస్సు టికెట్టు మీద పదకొండు అని ఉంటే మరీ జాగ్రత్త, అది తెల్లవారుజాము ఐదు. దూరపు బస్సులన్నీ ఆ వేళకే కదులుతాయి.

క్యాలెండరు కూడా ఇలాగే మొదట్లో తికమక పెడుతుంది కానీ లెక్కల మనిషి కాబట్టి మీకు నచ్చుతుంది. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర పాగుమె అనే ఐదు రోజుల బుల్లి నెల, లీపు సంవత్సరంలో దానికి ఆరు రోజులు. కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న, కొన్నేళ్లలో 12న వస్తుంది. మనం 2007 అనుకున్న ఏడాది సెప్టెంబరులో వాళ్లు 2000వ సంవత్సరపు సంబరాలు చేసుకున్నారు. నా హాజరు పట్టీలో పిల్లల పుట్టిన సంవత్సరం 1990 అని చూసి, తొమ్మిదో తరగతిలో అందరూ ఇరవై మూడేళ్ల వాళ్లేమిటని నేను రెండు రోజులు మథనపడ్డాను. వాళ్ల లెక్కలో అది 2006వ సంవత్సరం, పిల్లలకు పదహారేళ్లే.

తరగతిలో మీకు కొత్తగా తోచేవి రెండు ఉంటాయి. జవాబు తెలిసిన పిల్లలు చెయ్యెత్తి, గాలిలో చిటికెలు వేస్తూ "టీచర్, టీచర్" అంటారు. మనకు పెద్దల ముందు చిటికె వేయడం పొగరు కింద లెక్క, అక్కడ అది ఉత్సాహం, మొదటి రోజే కోప్పడకండి. రెండోది, మాట్లాడుతుండగా ఎదుటివారు ఉన్నట్టుండి "హ్" అని గాలి లోపలికి పీలుస్తారు. నేను ఏదో ఘోరమైన మాట అన్నాననుకుని రెండుసార్లు క్షమాపణ చెప్పాను. దాని అర్థం "అవును" అని, లేదా "వింటున్నాను, చెప్పండి" అని మాత్రమే. ఏడాది తిరిగేసరికి నాకూ ఆ అలవాటు పట్టుకుంది, ఇప్పటికీ ఫోనులో అప్పుడప్పుడు వచ్చేస్తుంది.

పిల్లల హాజరు గురించి ఒక మాట. పట్టణంలోని సెకండరీ పాఠశాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని ఉంటారు, శనివారం నడిచి ఊరికి వెళ్లి వారానికి సరిపడా ఇంజెరా, అంటే మన దోసెలాంటి పులిసిన రొట్టె, మూటగట్టుకుని వస్తారు. పండుగ సెలవు పట్టికలో ఒక్క రోజే ఉన్నా, వీళ్లు రెండు రోజుల ముందు వెళ్లి మూడు రోజుల తరవాత వస్తారు. ఆ రోజుల్లో కొత్త అధ్యాయం మొదలుపెట్టకండి. మిగిలిన పదిహేను మందితో పాత లెక్కలు చేయించండి. నా మొదటి ఏడాదిలో తరగతి బాగా ముందుకు కదిలింది నిజానికి ఆ రోజుల్లోనే.

ఇక మీరు భయపడుతున్న మధ్యాహ్నాలు. అవి మొదటి ఆరు వారాలే ఖాళీగా ఉంటాయి. ఆ తరవాత పొరుగింటివారు "ను, బునా తెతు" అని పిలుస్తారు, వచ్చి కాఫీ తాగండి అని. అది కప్పు అందుకుని తాగి వచ్చే వ్యవహారం కాదు. పచ్చి గింజలు కడిగి, బొగ్గుల కుంపటి మీద పెనంలో వేయించి, ఆ పొగను కూర్చున్న ఒక్కొక్కరి ముఖం దగ్గరికి తెచ్చి వాసన చూపించి, దంచి, జెబెనా అనే మట్టి కూజాలో మరిగించి, చెవి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మూడు వాయిలు ఇస్తారు. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా, అంటే దీవెన. దీవెన తాగకుండా లేవడం బాగుండదు కాబట్టి గంటన్నర సులభంగా గడిచిపోతుంది. నాకు వచ్చిన అమ్హారిక్ భాష అంతా ఆ పీటల మీద వచ్చిందే. లిపి మాత్రం ముందే నేర్చుకుని వెళ్లండి. ప్రతి హల్లుకూ ఏడు రూపాలు, ముప్పై మూడు హల్లులు, మొత్తం 231 అక్షరాలు. గుణింతం చదువుకున్న మనకు ఆ పద్ధతిలో వింతేమీ కనిపించదు, నెల రోజుల పని. మీరు వెళ్లే చోట ఇళ్లలో సిదామా భాష మాట్లాడతారు, అది లాటిన్ అక్షరాల్లో రాస్తారు. బజారులో, బస్టాండులో అమ్హారిక్ సరిపోతుంది.

సెలవుల విషయంలో నా అభిప్రాయం ఒక్కటే, చిన్న సెలవులకు ఊరు వదలకండి. మొదటి ఏడాది జనవరి 7న గెన్నా, వాళ్ల క్రిస్మస్, వచ్చింది. నేను ఇతర స్వచ్ఛంద ఉపాధ్యాయులతో కలిసి అడిస్ అబాబా వెళ్లి నాలుగు రోజులు వేడినీళ్ల స్నానాలు, ఇంటర్నెట్టు, సినిమాలతో గడిపి వచ్చాను. తిరిగి వచ్చేసరికి నా గది గుమ్మం దగ్గర గడ్డితో అల్లిన మూత ఉన్న పళ్లెం ఉంది. ఇంటి యజమానురాలు పండుగ నాడు నా కోసం పెట్టి, నేను లేనని తెలిశాక కూడా తీయకుండా ఉంచేసింది. ఇంజెరా అంచులు ఎండి అట్టలా పైకి లేచి ఉన్నాయి. ఆమె ఒక్క మాట అనలేదు, వారం రోజులు బునాకు పిలవనూ లేదు. గెన్నా అయిన పన్నెండు రోజులకు జనవరి 19న తిమ్కెత్, అంటే క్రీస్తు బాప్తిస్మపు పండుగ, వచ్చింది. ఈసారి ఎక్కడికీ వెళ్లకుండా తెల్లబట్టలు అడిగి కట్టుకుని, తెల్లవారకముందే వాళ్లతో చర్చి ఊరేగింపు వెంట నీటి మడుగు దాకా నడిచి వెళ్లాను. పిలుపులు మళ్లీ మొదలయ్యాయి.

కొండదారి:

పైన మాస్టారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఆయన పెద్ద సెలవుల జోలికి వెళ్లలేదు, ఒంటరి ఆడమనిషి సంగతీ ఆయనకు తెలియదు. నేను 2017 నుంచి 2019 దాకా తూర్పు వైపు, దిరె దవాకు దగ్గర్లో ఉన్న ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇంగ్లీషు బోధనా పద్ధతులు చెప్పాను.

పెద్ద సెలవులతో ఉన్న చిక్కేమిటంటే అవి సరిగ్గా వానాకాలంలో వస్తాయి. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు మొదటి దాకా కిరెమ్త్, అంటే అసలు వానలు. ప్రపంచమంతా చూడాలని వచ్చే సీమియన్ కొండలు, లాలిబెలాలో రాతిని తొలిచి కట్టిన పదకొండు చర్చిలు ఆ రెండు నెలల్లో మబ్బులో, బురదలో ఉంటాయి. దనాకిల్ పల్లంలో ఆ రోజుల్లో ఎండ మనిషి భరించగలిగేది కాదు. పైగా ఉత్తరాన పరిస్థితి ఎలా ఉందో మాస్టారే చెప్పారు. ప్రయాణానికి ముందు మన రాయబార కార్యాలయం సలహాలు చూడటం, సహ ఉపాధ్యాయులను అడగడం రెండూ చేయండి. నా అనుభవంలో రెండోదే ఎక్కువ పనికొచ్చింది, ఏ రోడ్డు మీద ఈ వారం బస్సులు నడవడం లేదో వాళ్లకు ముందు తెలుస్తుంది.

వానాకాలంలో నాకు నచ్చినది తూర్పు. అక్కడ వాన తక్కువ. అడిస్ అబాబా నుంచి దిరె దవా మీదుగా జిబూతీకి వెళ్లే విద్యుత్ రైలులో 2018 జనవరి నుంచి ప్రయాణికులను ఎక్కించుకుంటున్నారు, అయితే స్టేషను నగరానికి బాగా వెలుపల ఉంటుంది కాబట్టి రైలు వేళకన్నా స్టేషనుకు చేరే వేళే ముందు లెక్క చూసుకోవాలి. దిరె దవా నుంచి గంటన్నరలో హరార్ కోట ఊరు చేరవచ్చు. గోడల మధ్య ఉన్న ఆ పాత ఊళ్లో 82 మసీదులు ఉన్నాయని యునెస్కో పట్టికలో రాసి ఉంది. రాత్రి గోడ బయట హైనాలకు మాంసం ముక్కలు పుల్లకు గుచ్చి అందించే మనిషి దగ్గరికి అందరూ వెళ్తారు, నేనూ వెళ్లాను. నాకు అంతకన్నా ఇష్టమైనది పగటి పూట సందుల్లో కుట్టుమిషన్ల వీధి. ఒకే వీధిలో వరుసగా కూర్చుని మగవాళ్లు కుడుతుంటారు, గుడ్డ కొనుక్కుని వెళ్తే అరగంటలో లంగా అంచు కుట్టి ఇస్తారు.

మీ హవాసాకు మాత్రం ఒక గొప్ప సౌకర్యం ఉంది. జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట్లో అర్ధ సంవత్సర పరీక్షల తరవాత వచ్చే సెలవులో ఎండ కాస్తుంది, నేల ఎండి ఉంటుంది, మీకు బాలే కొండలు ఒక రోజు బస్సు ప్రయాణంలో ఉంటాయి. 4,000 మీటర్ల ఎత్తున సనెటి పీఠభూమి మీద ఎర్రటి ఇథియోపియా తోడేళ్లను నేను రోడ్డు పక్కనే చూశాను. రాత్రి నీళ్లు గడ్డకట్టే చలి, ఉన్న బట్టలన్నీ వేసుకుని పడుకున్నాను. పెద్ద సెలవుల్లో ఇంటికి వెళ్లండి, ఊరు చూడటానికి ఈ సెలవు వాడుకోండి అనేదే నా సలహా. చిన్న సెలవులకు ఊళ్లోనే ఉండమన్న మాస్టారి మాట పండుగలకు సరే, మూడు నెలలకు ఒకసారి రెండు రోజులు ఎవరికీ టీచరు కాకుండా ఎక్కడికైనా వెళ్లి రావడం కూడా అవసరమే. ఆడవాళ్లకు అది ఇంకా అవసరం. ఎందుకంటే చిన్న పట్టణంలో మీరు ఏ కొట్లో ఏం కొన్నారో సాయంత్రానికి తరగతి మొత్తానికి తెలుస్తుంది. చీకటి పడ్డాక నడవకండి, మనుషుల వల్ల కన్నా వీధి కుక్కల వల్ల, ఊరి అంచుల్లో హైనాల వల్ల. దూరం తక్కువైనా ఆటో ఎక్కండి. అక్కడ ఆటోను బజాజ్ అనే అంటారు, మన దగ్గర తయారైన బండి పేరే అక్కడ వాహనం పేరైపోయింది.

శాకాహారం గురించి. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం, అంటే మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఫసికా, వాళ్ల ఈస్టర్, ముందు 55 రోజులు కూడా అంతే. ఆ రోజుల్లో ఏ హోటల్లోనైనా "యె త్సోమ్", అంటే ఉపవాసపు భోజనం, అని అడిగితే ఇంజెరా మీద రకరకాల పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు వడ్డించిన బెయ్యనెతు వస్తుంది. అందరూ ఈ సంగతి చెబుతారు, దీని రెండో సగం చెప్పరు. ఫసికా తరవాత యాభై రోజులు బుధ, శుక్రవారాల ఉపవాసం కూడా ఉండదు. ఆ యాభై రోజులు హోటళ్లలో మాంసం తప్ప మరొకటి దొరకడం కష్టం. శనగపిండి లాంటి పొడితో చేసే షిరో ఒక్కటే ఆదుకుంటుంది. ఆ కాలానికి ఇంట్లో పప్పులు నిల్వ పెట్టుకోండి. ఇంకొకటి, ఉపవాసపు భోజనంలో చేప ఉండవచ్చని కొందరి లెక్క. మీరు వెళ్లేది సరస్సు ఒడ్డున ఉన్న హవాసా దగ్గరికి కాబట్టి "అసా" అంటే చేప అనే మాట మొదటి రోజే నేర్చుకోండి. మీ పల్లెలో ప్రొటెస్టంట్లు ఎక్కువగా ఉంటే ఈ ఉపవాసాలు అంతగా పాటించరు, అప్పుడు బెయ్యనెతు కోసం నగరానికి వెళ్లాల్సి రావచ్చు.

సగంలోవచ్చినవాడు:

నమస్కారం. నా పేరులోనే నా కథ ఉంది. నేను ఒక విద్యా సంవత్సరం పూర్తి చేసి, పెద్ద సెలవులకు ఇంటికి వచ్చి, మళ్లీ వెళ్లలేకపోయాను. కాబట్టి పెద్ద సెలవుల్లో ఇంటికి వెళ్లమన్న పై సలహాను కాస్త ఆలోచించి పాటించమని మీకు మనవి.

ఏం జరిగిందంటే, మొదటి ఏడాది చివరి నెలల్లో నేను నిజంగా అలసిపోయి ఉన్నాను. రెండుసార్లు అమీబా విరేచనాలు, దుప్పట్లో కునిచా, అంటే ఎగిరి కుట్టే చిన్న పురుగులు, వారానికి మూడు రోజులు కరెంటు లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటీ పెద్ద కష్టం కాదు, అన్నీ ఒకేసారి ఉండటమే కష్టం. ఆ అలసటతో జూలైలో ఇంటికి వచ్చాను. పది రోజులకు ఒంట్లో సత్తువ వచ్చింది. ఇరవై రోజులకు ఇంట్లో నేను లేకుండా పెండింగులో పడిన పనులన్నీ నా మీదకు వచ్చాయి. నెల తిరిగేసరికి, వెళ్లాలి అనే మాట ఎత్తితే అది నేను ఇంట్లోవాళ్లకు చేస్తున్న అన్యాయంలా వినిపించడం మొదలైంది. సెప్టెంబరులో నా పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవారు లేరని సహ ఉపాధ్యాయుడు రాశాడు. జవాబు రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మళ్లీ వెళ్లే అవకాశం వస్తే ఆ రెండు నెలలు ఇంటికి రాను, ఇంటివాళ్లనే పదిహేను రోజులు అక్కడికి రప్పిస్తాను. ఇద్దరి టికెట్లు నా ఒక్కడి టికెట్టుకన్నా ఖరీదే, కానీ వాళ్లు ఒకసారి నా గది, నా బడి, నా పొరుగువారిని చూసి ఉంటే తరవాతి ఏడాది ఫోనులో మాటలు వేరుగా ఉండేవి.

వచ్చేటప్పుడు ఇంకొక పొరపాటు చేశాను, అది మీరు చేయవద్దు. ఇథియోపియా నుంచి మన దేశంలో అడుగుపెట్టే ప్రతివారి దగ్గరా ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తరవాతే ఆ పత్రం చెల్లుబాటవుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. మన దగ్గర ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయించుకోవాలి. నేను వేయించుకున్నాను కూడా, ఆ పసుపు పుస్తకాన్ని మాత్రం అక్కడి గదిలో పాఠ్యపుస్తకాల మధ్య మరిచిపోయి వచ్చాను. ఆరు రోజులూ నా తప్పును తలుచుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. దాన్ని పాస్‌పోర్టుకు పిన్ను కొట్టకండి, ఒకే సంచీలో ఉంచండి. మలేరియా సంగతి కూడా అడగండి. 2,000 మీటర్లకు దిగువన అది ఉంటుంది, హవాసా సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది.

డబ్బు గురించి రెండే మాటలు. 2024 జూలై చివర బిర్‌ను మారకపు మార్కెట్టుకు వదిలేశారు, అప్పటిదాకా డాలరుకు 57 దగ్గర ఉన్నది కొద్ది వారాల్లోనే వంద దాటింది. మీ భత్యం బిర్లలో కాబట్టి విమాన టికెట్టు దానిలోంచి కొనగలననుకోవద్దు, ఆ డబ్బు ఇక్కడే విడిగా పెట్టి వెళ్లండి. బిర్ దేశం బయట చెల్లదు, మిగిలినది అక్కడే ఖర్చు పెట్టేయాలి.

లెక్కలటీచరు:

ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. ఉదయం నుంచి మీ జవాబులు రెండుసార్లు మావారికి చదివి వినిపించాను. పళ్లెం సంగతి విన్నాక ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మధ్యాహ్నం "అయితే మేమే వస్తాం, ఎప్పుడు రమ్మంటావు" అన్నారు. కాబట్టి ఇప్పుడు నా ప్రశ్న మారింది. మొదటి జూలై, ఆగస్టు నెలల్లో నేను అక్కడే ఉండిపోతే ఆ రెండు నెలలు ఏం చేయాలి, మావారూ అమ్మాయీ రావడానికి ఏ సమయం మంచిది? వాళ్లకు పదిహేను రోజులకు మించి వీలు కాదు. మాస్టారు గారూ, పండుగ ఉన్నప్పుడే రమ్మనాలా, లేనప్పుడా?

మొదటిగంట:

అమ్మా, పండుగ ఉన్నప్పుడే రమ్మనండి. రెండో ఏడాది మొదట్లో, సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 5 దాకా అయితే బాగుంటుంది. వానలు అప్పటికి వెనకబడతాయి, కొండలన్నీ అదెయ్ అబెబా అనే పసుపు పూలతో నిండి ఉంటాయి, ఆ పూలు ఏడాదిలో ఆ కొన్ని వారాలే పూస్తాయి. సెప్టెంబరు 27న మెస్కెల్, అంటే శిలువ పండుగ. ముందురోజు సాయంత్రం కూడలిలో పెద్ద మంట వేస్తారు, మర్నాడు ఉదయం ఆ బూడిదతో నుదుట గుర్తు పెట్టుకుంటారు. బడి పేరుకు తెరిచి ఉంటుంది కానీ ఆ పండుగ అయ్యేదాకా తరగతులు నిండవు కాబట్టి మీరు సెలవు అడిగినా ఎవరికీ ఇబ్బంది కాదు. మీరుండేది సిదామా ప్రాంతం కాబట్టి వాళ్ల సొంత కొత్త సంవత్సరం ఫిచ్చె చంబలాల్లా కూడా ఉంటుంది, దాని తేదీని పెద్దలు నక్షత్రాలు చూసి నిర్ణయిస్తారు. అందుకని టికెట్టు కొని దాని కోసం రావడం కుదరదు. అది మీరు ఒక్కరే చూస్తారు. చంబలాల్లా నాడు పిల్లలు ఇంటింటికీ వచ్చి పలకరిస్తారు, ఆ రోజు ఇంట్లోనే ఉండండి, వాళ్లకు పెట్టడానికి ఏదైనా సిద్ధంగా ఉంచుకోండి.

వానాకాలపు రెండు నెలల గురించి. నేను మొదటి ఏడాది ఆగస్టులో, పదో తరగతికి వెళ్లబోయే పిల్లలకు రోజుకు రెండు గంటలు లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పాను. ఇరవై మంది అనుకుంటే నలభై మంది వచ్చారు. రేకుల కప్పు మీద వాన పడుతుంటే ఒక్క మాట వినిపించేది కాదు, నల్లబల్ల మీద రాసి చూపిస్తూ, చేతి సైగలతో త్రికోణమితి చెప్పిన రోజులు ఉన్నాయి. నాలుగు వారాలు అలా చెప్పి, మిగిలిన నాలుగు వారాలు మేడమ్ గారు చెప్పినట్టు తూర్పుకు వెళ్లి రావచ్చు. నలభై మందికీ రూళ్లకర్రలు, కోణమానినులు అక్కడ దొరకవు. సూట్‌కేసులో చోటు ఉంటే పాతికైనా తీసుకెళ్లండి.

ఒక పని మాత్రం ఇప్పుడే చేయండి. మీకు చూపించబోయే ఇంటికి నీళ్ల ట్యాంకు ఉందో లేదో, తలుపుకు లోపలి వైపు గడియ ఉందో లేదో పాఠశాల వారికి రాసి అడగండి. లేదంటే మీరు చేరేలోపు పెట్టించమనండి. చేరాక అడిగితే మొహమాటంతో రేపు అంటారు, ఆ రేపు ఏ గంటలకో మీకు తెలియదు.